పాత స్టార్మ్ కారు సైలెన్సర్ పైపు లీకు: పేస్టా, ప్యాకింగా, వెల్డింగా?

బురుజుసందు (కర్నూలు)
నా దగ్గర శాన్ స్టార్మ్ ఉంది. తెలియనివాళ్లకు చెప్తున్నా, గోవాలో తయారైన రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. ఫైబర్ బాడీ, రెనో 1149 సీసీ ఇంజన్. బెంగళూరులో ఒకాయన దగ్గర కొన్నాను. పైపుకు రెండు చోట్ల లీకు ఉంది. ఒకటి మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను పైపులోకి తెచ్చే గొట్టాలు) కింద, నట్లతో బిగించిన ఫ్లాంజి అంచు దగ్గర. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ టిక్ అంటుంది, ఇంజన్ వేడెక్కితే ఆ శబ్దం పోతుంది. రెండోది సైలెన్సర్‌కు కాస్త ముందు, పైపులో పైపు దూర్చి క్లాంపు బిగించిన చోట. అక్కడ చుట్టూ మసి గీతలు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి సబ్బు నురగ పూస్తే బుడగలు వస్తున్నాయి.

పోయిన ఆదివారం కడప నుంచి రాయచోటి పోతుంటే గువ్వలచెరువు ఘాట్‌లో కారు లోపలికి పొగ వాసన వచ్చింది. మా ఆవిడకు తలనొప్పి. గువ్వలచెరువులో ఆపి పాలకోవా తెస్తే అది కూడా వద్దంది, అంటే ఎంత నొప్పో అర్థం చేసుకోండి. పేస్టు పూస్తే చాలా? జాయింటు మధ్యలో ఉండే ప్యాకింగ్ మార్చాలా? ఏకంగా వెల్డింగ్ కొట్టించాలా?

డబుల్‌క్లచ్ (ఆదోని)
వెల్డింగ్. అరగంట పని. అయిపాయె.

గుత్తికోట (అనంతపురం జిల్లా)
దయచేసి వెల్డింగ్ జోలికి పోవద్దు. ఆ జాయింట్లు పెట్టిందే రేపు విప్పడానికి. గేర్‌బాక్స్ దించాలన్నా, స్టార్టర్ మోటార్ తీయాలన్నా పైపు అడ్డం వస్తే మళ్లీ కోయాల్సిందే. పైగా మీది ఫైబర్ బాడీ, కింద పెట్రోల్ గొట్టం. నిప్పురవ్వ ఎక్కడ పడుతుందో ఎవరు చూస్తారు? బ్యాటరీ వైరు తీయకుండా ఆర్క్ కొడితే ఎలక్ట్రానిక్స్‌కూ ముప్పే.

పైపులో పైపు ఉన్న చోట పేస్టు పనికొస్తుంది, కానీ పద్ధతి ఉంది. రెండు పైపులనూ విడదీసి, తుప్పంతా ఎమ్రీ పేపర్‌తో తెల్లటి ఇనుము కనపడేదాకా గీకాలి. లోపలికి దూరే పైపుకు పూసి, దూర్చి, అప్పుడు క్లాంపు బిగించాలి. మనవాళ్లు చేసేదేమిటి? బయట నుంచి గోడకు సున్నం కొట్టినట్టు పూస్తారు. పేస్టు చాలావాటిలో ఉండేది సోడియం సిలికేట్, బంకమన్నులాంటి పొడి. ఎండితే గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పగులుతుంది. పూయగానే ఘాట్ ఎక్కితే అందులోని నీళ్లు ఆవిరై పొంగి నురగ కడుతుంది. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు పది నిమిషాలు నెమ్మదిగా ఐడిల్‌లో ఉంచాలి.

ఫ్లాంజికి మాత్రం పేస్టు వద్దు, కొత్త ప్యాకింగ్ వేయండి.

పానాపట్టినోడు (అనంతపురం)
నేను షెడ్డు నడిపే మనిషిని, ఇరవై రెండేళ్లుగా. పేస్టు పూసిన బళ్లు నెల తిరక్కుండా మళ్లీ నా దగ్గరికే వస్తాయి. వెనక జాయింటుకు వెల్డింగే కరెక్టు.

బురుజుసందు అన్నా, ఒక మాట చెప్పు. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు అన్నీ ఉన్నాయా?

యెమ్మిగనూరుబుల్లెట్
ఇంత రామాయణం ఎందుకు? ఎర్ర సిలికాన్ ట్యూబు తెచ్చి పూయండి. నా బుల్లెట్ సైలెన్సర్ చివరి జాయింటుకు పూసి మూడేళ్లు. 343 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుందని ట్యూబు మీద రాసి ఉంది.

గుత్తికోట
అన్నా, మీరు పూసింది చివర. అక్కడికి వచ్చేసరికి పొగ చాలా చల్లబడి ఉంటుంది. ఈయన ఫ్లాంజి ఇంజన్ పక్కనే ఉంది. పెట్రోల్ ఇంజన్‌ను ఘాట్‌లో తొక్కితే అక్కడి పొగ 700 డిగ్రీలు దాటుతుంది. రాత్రిపూట మానిఫోల్డ్ మసక ఎరుపుగా మెరవడం చూసినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. 343 దేనికి సరిపోతుంది?

యెమ్మిగనూరుబుల్లెట్
మూడేళ్లు సార్. మూడేళ్లు.

గుత్తికోట
మీ బుల్లెట్‌కు ముప్పై ఏళ్లు నిలబడనీ. నేను చెప్పేది ఫ్లాంజి గురించి.

యెమ్మిగనూరుబుల్లెట్
ట్యూబు మీద కారు బొమ్మే ఉంది, బుల్లెట్ బొమ్మ లేదు.

పెన్నాతీరం (కడప)
గొడవ మధ్యలో ఒక ముఖ్యమైన సంగతి. బండి పాతది, పాత ప్యాకింగ్ రాతినారది (ఆస్‌బెస్టాస్) కావచ్చు. పైపు చుట్టూ తెల్లటి తాడు చుట్టి ఉన్నా అదే అనుమానం. దాన్ని పొడిగా గీకొద్దు. కంప్రెసర్ గాలితో అసలే ఊదొద్దు. నీళ్లు చల్లి, తడిగా ఉన్నప్పుడే తీసి, కవర్లో కట్టి పారేయండి. మాది పులివెందుల వైపు. రాతినార గనులు మా దగ్గరే ఉండేవి. మా నాన్న కొన్నాళ్లు అక్కడ పని చేశాడు. చివరి ఏళ్లలో ఆయన మంచం మీద పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఆ నార మనకు కంటికి కనిపించనంత సన్నగా విడిపోయి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. ఇప్పుడు గ్రాఫైట్ ప్యాకింగులు దొరుకుతాయి, అవి చాలు.

డబుల్‌క్లచ్
అయ్యో. మా షెడ్డులో అన్నీ గాలితోనే ఊదుతారు.

బురుజుసందు
థాంక్స్ అన్నా, ఇది తెలియదు. ఫ్లాంజికి ప్యాకింగే అని ఖాయం చేసుకున్నా. వెనక జాయింటుకు పేస్టా, వెల్డింగా అన్నదే తేలలేదు. ఇంకోటి, బండి వారానికి ఒకసారే తీస్తాను. అదీ రాజ్‌విహార్ దాకా పోయి వెనక్కి. అయినా పైపు అంత తుప్పు ఎందుకు పట్టింది?

గుత్తికోట
అందుకే పట్టింది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది, ఆవిరిగా. దూరం పోతే పైపంతా వేడెక్కి ఆవిరి బయటికి పోతుంది. మీరు రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే పల్లంలో ఉన్న చోట నీళ్లు నిలిచి లోపలి నుంచి తింటాయి. అలా తిన్న పైపు మీద వెల్డింగ్ ఎలా నిలుస్తుంది? కాగితానికి కుట్టు వేసినట్టే. చుక్క పెట్టగానే పక్కన చిల్లు పడుతుంది. కానీ షెడ్డువాళ్లకు అదంతా పట్టదు. కనపడ్డదల్లా అతికించి పంపిస్తారు.

పానాపట్టినోడు
షెడ్డువాళ్లకు పట్టదా? సార్, మీరు కుర్చీలో కూర్చుని ఎన్ని డిగ్రీలైనా రాస్తారు. నేను బండి కింద పడుకుని పని చేస్తాను, తుప్పు నా కంట్లో పడుతుంది. ప్యాకింగ్ మార్చండి, ప్యాకింగ్ మార్చండి అంటున్నారు. ప్యాకింగ్ ధర ఎంత? రెండొందలు అనుకుందాం. దాన్ని వేయాలంటే ఫ్లాంజిని పట్టి ఉంచే స్టడ్లు (మరలు) విప్పాలి, అవి తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. రాత్రంతా ఆయిల్ పోసి నానబెట్టాలి, గ్యాస్‌తో నట్టు ఎర్రబడేదాకా కాల్చాలి, అప్పుడు కూడా ఒకటి విరగొచ్చు. విరిగితే డ్రిల్లు పెట్టి, ట్యాపు తిప్పి, సగం రోజు. ఆ సగం రోజు కూలి ఎవరిస్తారు?

రెండేళ్ల కిందట ఒకాయన పాత కారు తెచ్చాడు. ఇట్లే, ఫ్లాంజి. ఒక స్టడ్ విరిగింది. "నువ్వే విరగ్గొట్టావు, నువ్వే వేయించు" అన్నాడు. లేత్ షాపుకు నా జేబులోంచి ఇచ్చుకున్నా. ఆ రోజు నుంచి విప్పే పని వస్తే వెల్డింగ్ అనే చెప్తున్నా. వచ్చినవాళ్లు అడిగేదీ అదే, "అన్నా, మూడొందల్లో తేల్చెయ్" అని. మూడొందల్లో తేలేది వెల్డింగ్ ఒక్కటే.

గుత్తికోట
మీకు ఎవరో డబ్బు ఎగ్గొడితే దానికి మా బండ్లను అతికించడమేనా పరిష్కారం? నా అనుభవం కూడా వినండి. క్లచ్ పని కోసం ఒక ఊళ్లో ఒక షెడ్డుకు ఇచ్చాను, పేరు అనవసరం. క్లచ్ బాగానే వేశాడు. నన్ను అడగకుండా "లీకుంది సార్, కొట్టేశా" అని పైపు జాయింటు కూడా వెల్డింగ్ చేశాడు. ఏడాదికి గేర్‌బాక్స్ దించాల్సి వచ్చింది. పైపు కోశారు, మళ్లీ అతికారు, కొలత మారింది, సైలెన్సర్ పోయి వెనక యాక్సిల్‌కు తగలడం మొదలైంది. మూడోసారి కొత్త పైపే వేయించా. అడిగి ఉంటే వద్దనేవాడిని. అడగలేదు.

పానాపట్టినోడు
అడగకుండా చేయడం తప్పే. నేను అట్లా చేయను. మరి మీరు షెడ్డుకు పోయినప్పుడు "స్టడ్ విరిగితే ఆ ఖర్చు నాది" అని ముందే ఒక్కసారైనా చెప్పారా?

గుత్తికోట
...లేదు. ఎవరూ అడగలేదు కూడా.

పెన్నాతీరం
ఇద్దరూ పైపు గురించి కొట్లాడుతున్నారనుకున్నా ఇంతసేపూ.

పానాపట్టినోడు
బురుజుసందు అన్నా, నిన్న ఒకటి అడిగా. జవాబు రాలేదు. వేలాడదీసే రబ్బర్లు ఉన్నాయా, లేవా?

బురుజుసందు
సారీ అన్నా, మరిచిపోయా. ఇప్పుడే టార్చి పట్టుకుని కిందికి దూరి చూశా. ముందు రబ్బరు బాగుంది. వెనక రబ్బరు లేదు, దాని బదులు బైండింగ్ వైరు మూడు చుట్లు చుట్టి ఉంది. నాకు అమ్మినాయన కట్టించాడేమో. సైలెన్సర్‌ను చేత్తో పైకెత్తితే వైరు వదులై, ఆ రెండో జాయింటు కళ్లముందే కిందికి పైకి కదులుతోంది. క్లాంపు కింద పైపు ఒకవైపు అరిగి కోలగా అయింది.

పానాపట్టినోడు
చూశారా. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, పైపు దాంతోపాటు ఊగాలి. వెనక ఇనప తీగతో కట్టేస్తే ఆ ఊపంతా జాయింటు మీదే పడుతుంది. దానికి పేస్టు పూసినా పగులుతుంది, నేను వెల్డింగ్ కొట్టినా పక్కన చీలుతుంది. ఫ్లాంజి దగ్గర టిక్ టిక్ రావడానికి కూడా ఈ బరువే కారణం కావచ్చు. మొదట వెనక రబ్బరు వేయాలి.

గుత్తికోట
ఈ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. అయితే పైపు కోలగా అయిన చోట క్లాంపు ఇక పట్టదు. అరిగిన జానెడు ముక్క కోసి, కొత్త ముక్కను బండి కింద కాకుండా బయట వెల్డింగ్ చేయించి, జాయింటు మాత్రం జాయింటుగానే ఉంచాలి.

పానాపట్టినోడు
బయట పెట్టి కొడితే నాకూ సుఖమే. ఆ మాట మొదటే అంటే నేనెందుకు కాదంటా?

గుత్తికోట
మీరు "వెల్డింగే కరెక్టు" అన్నారు.

పానాపట్టినోడు
వెల్డింగే కదా ఇది కూడా.

డబుల్‌క్లచ్
నేను మొదటి లైనులోనే చెప్పా.

పెన్నాతీరం
అప్పటిదాకా కారు తీయొద్దు. తలనొప్పి తెప్పించేది వాసన లేని కార్బన్ మోనాక్సైడ్. అద్దాలు దించితే పోతుందిలే అనుకోవద్దు, నడిచే కారు వెనక గాలి పలచబడి పొగను తిరిగి లోపలికే లాగుతుంది.

బురుజుసందు
సరే, తీయను. పానాపట్టినోడు అన్నా, బండిని లారీ మీద వేసుకుని మీ దగ్గరికే వస్తా. స్టడ్ విరిగితే ఖర్చు నాది, ఇక్కడే రాస్తున్నా. ఎంతవుతుంది?

పానాపట్టినోడు
చూడకుండా చెప్పను. రెండు రోజులు బండి నా దగ్గర వదలాలి. నట్లు ఇత్తడివి తీసుకురా, మళ్లీ తుప్పుతో పట్టేయవు. ఫ్లాంజి ముఖం వంకర ఉంటే లేత్ షాపులో సాపు చేయించాలి, దానికి వేరే డబ్బు. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక చల్లటి ఇంజన్ మీద నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి, దానికి డబ్బు అక్కర్లేదు.

యెమ్మిగనూరుబుల్లెట్
ట్యూబు ఫోటో పెడుతున్నా. 343 చూసుకోండి.