విలన్‌ని ముందే చూపించాలా, దాచిపెట్టాలా? అవతార్‌లో ఏది పని చేసింది?

నిప్పురవ్వ:
అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్ (2005-2008) అనే యానిమేషన్ సిరీస్ చూసినవాళ్ళు చెప్పండి. అందులో అసలు విలన్, ఫైర్ నేషన్ అనే దేశాన్ని ఏలే ఫైర్ లార్డ్ ఓజాయ్ ముఖాన్ని రెండు సీజన్లు నీడలో దాచి, మూడో సీజన్ మొదట్లో చూపించారు. అతని కూతురు అజూలా మాత్రం రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే పూర్తిగా దిగిపోయింది. నన్నడిగితే అజూలా ఎంట్రీ ముందు ఓజాయ్ ఎంట్రీ దిగదుడుపే. ఆటుపోట్ల వల్ల చీకటి పడేలోపు ఓడని రేవులోకి తీసుకెళ్ళలేమని కెప్టెన్ చెప్తాడు కదా, ఆమె గొంతు కూడా పెంచకుండా, నిన్ను చంపడానికి సముద్రం ఎలాగూ వెనకాడదు, నేనింకా ఆలోచిస్తున్నాను, కాబట్టి నాకు భయపడు అన్నట్టు మాట్లాడుతుంది. ఒక్క దెబ్బ కొట్టకుండానే మనకి చెమటలు పట్టించింది.

కొండగాలి:
నేను ఒప్పుకోను. ఓజాయ్‌ని దాచింది ఊరికే సస్పెన్స్ కోసం కాదండీ. మొదటి సీజన్లో తుఫాను ఎపిసోడ్ గుర్తు తెచ్చుకోండి: పదమూడేళ్ళ కొడుకు జుకో మోకాళ్ళ మీద పడి క్షమించమంటుంటే అందరి ముందూ ముఖం కాల్చేస్తాడు. ఓజాయ్ అన్న ఐరో చూడలేక కళ్ళు తిప్పుకుంటాడు. ఇంత చూశాక ఇక ముఖంతో పనేముంది? జుకో కంటి చుట్టూ ఉన్న మచ్చ కనిపించిన ప్రతిసారీ ఓజాయ్ గుర్తొస్తూనే ఉంటాడు.

నిప్పురవ్వ:
ఆ సీన్ గొప్పదే, కాదనను. కానీ అది జుకోని మనకి దగ్గర చేసింది, ఓజాయ్‌ని కాదు. చివరికొచ్చినా లోకాన్ని తగలబెట్టాలన్న కోరిక తప్ప ఆ మనిషి లోపల ఏముందో మనకి తెలీదు.

పాతరీలు:
మీ ఇద్దరూ వెంట్రుక సంగతి వదిలేశారు! ఓడ సీన్ ఉన్న ఎపిసోడ్‌లోనే అజూలా చేతుల్లోంచి మెరుపు పుట్టించే సాధన చేస్తుంది, బ్రహ్మాండంగా వస్తుంది, పక్కనున్న ముసలమ్మలు మాత్రం ఒక్క వెంట్రుక చెదిరిందంటారు. ఆమె అది తట్టుకోలేక మళ్ళీ మొదలుపెడుతుంది. సిరీస్ చివర్లో మతి చలించి తన జుట్టు తనే కత్తిరించుకునే సీన్‌కి విత్తనం అక్కడే పడింది. విలన్ పరిచయంలో నాకు కావాల్సింది ఇదే, బలం చూపిస్తూనే ఆ మనిషి ఎక్కడ విరుగుతుందో కూడా చూపించాలి. ముఖం దాచారా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

కొండగాలి:
మంచి పాయింట్. అయినా ఆ పిల్లకి అంత టెన్షన్ ఎవరివల్ల? తండ్రి వల్లే కదా. అంటే అక్కడా కనపడకుండా ఉన్నది ఓజాయే.

నిప్పురవ్వ:
ఆ మాట నిజమే, కానీ ఆ భయాన్ని మనకి చూపించింది అజూలానే. ఇంకోటి, నాన్న పిలుస్తున్నాడని నమ్మించి ఆమె అన్న జుకోనీ ఐరోనీ ఓడెక్కించబోతుంటే, వాళ్ళు ఖైదీలంటూ నోరు జారి ప్లానంతా పాడు చేసింది కూడా ఆమె బెదిరించిన ఆ కెప్టెనే.