పాత మెక్సికన్ సినిమాల్లో వికలాంగులు: మీకేమనిపించింది?

రీలుపిచ్చి:
నెల్రోజులుగా 1940ల, 50ల నాటి మెక్సికన్ సినిమాలు వరసపెట్టి చూస్తున్నా. 1948లో వచ్చిన ‘నోసోత్రోస్ లోస్ పోబ్రెస్’లో హీరో పేద్రో ఇన్ఫాంతే వడ్రంగి. వాళ్లమ్మ పక్షవాతంతో కుర్చీకే పరిమితం, మాట కూడా లేదు. ఇంట్లో డబ్బు కాజేసినవాణ్ణి ఆవిడ చూస్తుంది, చెప్పే దారి లేదు. ఆ చూపు తట్టుకోలేక వాడు ఆవిణ్ణే చితకబాదుతాడు. నేను ఏడ్చేశా. మీరు?

వీల్‌చైర్ వాసు:
నాకు విసుగొచ్చింది. 12 ఏళ్లుగా వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నా. ఆవిడకి సినిమా మొత్తమ్మీద ఇచ్చిన పని దెబ్బలు తిని మనల్ని ఏడిపించడం. ఒకసారి దర్శకుడు బున్యుయేల్ తీసిన ‘లోస్ ఓల్విదాదోస్’ (1950) చూడండి. అందులో దోన్ కార్మేలో అని చూపులేని వీధి గాయకుడు. పిల్లలు వెంటపడి కొట్టి అతని డప్పు పాడుచేస్తారు. అయ్యో పాపం అనుకుంటామా, తండ్రి వదిలేసిన పల్లెటూరి పిల్లాడి చెవులు మెలిపెడతాడు, ఇంటికొచ్చిన ఆడపిల్ల మీద చెయ్యి వేయబోతాడు, మెక్సికోని ఏలిన నియంత పోర్ఫీరియో దియాస్ కాలమే బాగుండేదంటాడు. మా వీధి చివర ముసలాయన గుర్తొచ్చాడు. ఆయనకి కళ్లు బానే ఉన్నాయనుకోండి.

గ్వాదలహార సత్య:
వాసు గారూ, తమాషా ఏంటంటే ఆ తల్లిని కొట్టేవాడి వేషమూ, ఈ దోన్ కార్మేలో వేషమూ వేసింది ఒకే నటుడు, మిగేల్ ఇన్‌క్లాన్! ఇక్కడ మెక్సికోలో మా ఇంటి ఓనరమ్మ చెబితే తెలిసింది. పాత సినిమా టీవీలో వస్తే చాలు, డైలాగు పాత్రకంటే ముందు ఆవిడే చెప్పేస్తుంది.

వీల్‌చైర్ వాసు:
అరె! రెండూ చూసి కూడా పోల్చుకోలేదు.

చామనఛాయ:
రంగు సంగతి కూడా మాట్లాడదాం. ‘ఆంహెలీతోస్ నేగ్రోస్’ (1948)లో తెల్లగా ఉండే తల్లికి నల్లపిల్ల పుడుతుంది, ఆవిడ బిడ్డని దగ్గరికి రానివ్వదు. పెళ్లిచూపుల్లో మావాళ్లు నన్ను ‘చామనఛాయే’ అని సర్దిచెప్పిన రోజు గుర్తొచ్చి మధ్యలో ఆపేశా. రంగు వివక్ష తప్పని చెప్పే సినిమాలోనే ఇన్ఫాంతే మొహానికి నల్లరంగు పూసుకుని స్టేజీ ఎక్కుతాడు! 1946లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో బహుమతి కొట్టిన ‘మరియా కాందేలారియా’లో సొచిమిల్కో అనే ఊరి ఆదివాసీ పిల్లగా వేసింది హాలీవుడ్‌లో వెలిగొచ్చిన దోలోరెస్ దెల్ రియో. నిజం ఆదివాసీలు వెనకాల గుంపులో నిలబడ్డారు.

రీలుపిచ్చి:
వాసన్నా, బున్యుయేల్‌ని మరీ మోసేయకు. అదే సినిమాలో కాళ్లులేని మనిషిని కుర్రాళ్లు చక్రాల బండిలోంచి ఎత్తి రోడ్డు మీద పడేస్తారు. బండిని పల్లంలోకి తోసేస్తారు. అతనికి కథేదీ? మనం ఉలిక్కిపడాలి, అంతే కదా?

వీల్‌చైర్ వాసు:
ఒప్పుకుంటా. ఆ సీన్‌లో నేను కూడా అతని మొహం చూడలేదు, దొర్లిపోతున్న బండినే చూశా. చెయ్యి దానంతటదే కిందికి పోయి నా కుర్చీ బ్రేకు పడి ఉందో లేదో తడుముకుంది.