ఆత్మహత్యాయత్నం తర్వాత ఇంటికొచ్చినవాళ్లు: ఏం గమనించాలి, ఎన్నాళ్లు?

బ్రాడీపేట_ఫార్మసీ
గుంటూరు జీజీహెచ్ అయినా, విజయవాడ పెద్దాసుపత్రి అయినా, ప్రాణం నిలబడగానే గండం గడిచిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఆ తర్వాత సంగతులు తెలిసినవాళ్లు రాయండి.

వార్డు_సిస్టర్
ముందు శరీరం సంగతి. పురుగుమందు కేసుల్లో మనిషి తేరుకున్నట్టు కనిపించినా 1 నుంచి 4 రోజుల మధ్య మెడ నిలబడకపోవడం, ఊపిరి అందకపోవడం రావచ్చు. లేచి కూర్చున్నాడు కదా అని సంతకం పెట్టి తీసుకెళ్లిపోకండి. ఇంటికెళ్లాక 2, 3 వారాలకు పిక్కలు లాగడం, అరికాళ్ల తిమ్మిరి, నడుస్తుంటే పాదం వేలాడటం మొదలైతే అది నీరసం కాదు, నరాల దెబ్బ. న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లాలి, ఫిజియోథెరపీ ఆలస్యం చేయకూడదు. తాగినదానితో అన్నవాహిక కాలినవాళ్లకు కొన్ని వారాలకు ముద్ద దిగడం కష్టమవుతుంది. ఎండోస్కోపీతో వెడల్పు చేస్తారు, చాలామందికి ఒక్కసారితో సరిపోదు.

కృష్ణలంక_కౌన్సెలర్
సిస్టర్ గారు చెప్పినవాటితో పాటు మనసు సంగతీ అంతే ముఖ్యం. పలు దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, ఇలా ఆసుపత్రికి వచ్చినవాళ్లలో ఏడాదిలోపు సుమారు 16 శాతం మంది మళ్లీ హాని చేసుకున్నారు. 1.6 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. అంటే అత్యధికులు బతికే ఉన్నారు. ఈ మాట కుటుంబానికి గట్టిగా చెప్పాలి. మొదటి నెలలు మాత్రం ఏమరుపాటు పనికిరాదు.

ఖర్చు లేని మందు పలకరింపు. చెన్నైతో సహా 5 నగరాల్లో 1,867 మందిపై చేసిన ప్రయోగంలో, సగం మందికి డిశ్చార్జి ముందు గంటసేపు విడిగా మాట్లాడి, 18 నెలల్లో 9 సార్లు ఫోన్ చేసో, ఇంటికెళ్లో పలకరించారు. ఆత్మహత్య మరణాలు వాళ్లలో 0.2 శాతం, మామూలు వైద్యం అందినవాళ్లలో 2.2 శాతం. ఆ పలకరింపులు 1, 2, 4, 7, 11 వారాలకు, తర్వాత 4, 6, 12, 18 నెలలకు. ఈ తేదీలు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.

బ్రాడీపేట_ఫార్మసీ
మాత్రల గురించి నేను చెబుతాను. వారానికి సరిపడానే కొని, ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి. డిప్రెషన్ మందు పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. కుదుటపడగానే ఆపేస్తారు, అక్కడే తిరగబెడుతుంది. మొదటి వారాల్లో కుర్రవాళ్లకు అశాంతి, నిద్రలేమి పెరిగితే డాక్టరుకు వెంటనే చెప్పాలి.

తాడికొండ_రైతు
మిర్చి, పత్తి మందులు ఇంట్లో ఉంచకండి. ఆ రోజు కొట్టేదే కొనండి. మిగిలితే తాళం పెట్టెలో, తాళంచెవి వేరొకరి దగ్గర. ఆవేశం చాలామందిలో కాసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి అందకుండా ఉండటమే కావాలి. అన్నట్టు, పోలీసు కేసవుతుందని విషయం దాచేవాళ్లకు ఏం చెప్పాలి?

కృష్ణలంక_కౌన్సెలర్
ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) రాస్తారు, అది ఆసుపత్రి పద్ధతి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఏం జరిగిందో దాస్తే వైద్యం తప్పుదారి పడుతుంది.

వార్డు_సిస్టర్
ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. ఇంగ్లండులో ఇలా హాని చేసుకుని ఆసుపత్రికి వచ్చిన 30 వేల మందికి పైగా ఏళ్ల తరబడి గమనిస్తే, వాళ్లలో మరణాలు సాధారణ జనం కంటే 3.6 రెట్లు ఉన్నాయి. అందులో జబ్బులతో పోయినవాళ్లూ ఉండాల్సినదానికంటే ఎక్కువే. కాబట్టి రివ్యూకి వెళ్లినప్పుడు బీపీ, షుగర్, లివర్ పరీక్షలు అడగండి. తాగుడు ఉంటే విడిగా చికిత్స చేయించండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగొచ్చు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 తెలుగులోనూ పలుకుతుంది, ప్రాణాపాయమైతే 108.