నడుము మూడంగుళాలు తగ్గింది, చిరాకు మాత్రం అట్లనే ఉంది

మోటారు_వైండింగ్, అనంతపురం
నాకు 44. బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు ఉంది. ఉగాది అయినాక కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయని ఆసుపత్రికి పోతే షుగర్ టెస్టు రాశారు. పరగడుపున 118, మూడు నెలల సగటు 6.2. “షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు, గడప దగ్గర నిలబడింది. మాత్రలొద్దు, నడువు” అన్నారు డాక్టరు. ఆ మర్నాటి నుంచి పొద్దున అయిదుంబావుకల్లా పోలీసు ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండులో ఉంటున్నా. వాన పడితే తప్ప మానింది లేదు, అనంతపురంలో వాన ఎన్ని రోజులు పడుతుందో మీకు తెలుసు. ఆర్నెల్లకు నడుము 38 నుంచి 35కు దిగింది. సగటు 5.8కి వచ్చింది.

షాపుకొచ్చిన ప్రతివాడూ “ఏమన్నా, చిక్కినావే” అంటున్నాడు. ఇంట్లో సంగతి వేరే. పోయిన నెల రాత్రి అన్నం తింటుంటే మా పాప ట్యూషన్ ఫీజు అడిగింది. అంతే, చేతిలో ఉన్న స్టీలు గ్లాసు గోడకేసి కొట్టినాను. ఎందుకు కొట్టినానో నాకే తెలియదు. అంచు సొట్టపోయింది. ఎవరూ పారేయలేదు, మిగతా గ్లాసులతో పాటు స్టాండులోనే ఉంది, దాంట్లో మాత్రం ఎవరూ తాగరు. తెల్లవారుజామున మూడుకల్లా మెలకువ వస్తుంది. పొలంలో వేసి పోగొట్టుకున్న రెండు బోర్లు, రెండోది 640 అడుగులు, దాని వడ్డీ, వరసగా కళ్ళ ముందుకొస్తాయి. ఒళ్ళు వంచితే మనసు తేలికవుతుందంటారే, నాకెందుకు కాలేదు? మీలో ఎవరికన్నా ఇట్లా అయిందా?

బురుజు_పక్కవీధి, కర్నూలు
అన్నా, ముందు ఒకటి చెప్పు. రాత్రి ఎన్నింటికి పడుకుంటావు? షాపు మూసి, తిని, ఫోను చూసి పదకొండున్నర చేసి, మూడుకి లేస్తే అది నిద్ర కాదు, కునుకు.

నేనూ రెండేళ్ళు స్టేడియంలో రౌండ్లు కొట్టి, ఆఫీసులో అందరి మీదా కసురుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఫైలు ముందు పెట్టుకుని తూగేవాణ్ణి. “నువ్వు గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆపేస్తావు, నేను లేచి తట్టాల్సి వస్తుంది” అని మా ఇంటావిడ అయిదేళ్ళు మొత్తుకుంది. నవ్వి ఊరుకున్నాను. చివరికి ఒక రాత్రి తలకు, ఛాతీకి వైర్లు తగిలించి పడుకోబెట్టి చూస్తే గంటకు 34 సార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. గంటకు 30 దాటితే తీవ్రమైనదే అన్నారు. ఇప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకుని, గాలి కొట్టే మిషనుతో పడుకుంటున్నాను. మొదటి వారం ఏనుగు తొండంలా ఉందని పిల్లలు నవ్వినారు. నెలకు కసురుకోవడం సగానికి సగం తగ్గింది. నా కాలరు సైజు 17, మెడ లావున్నవాళ్ళకు ఇది ఎక్కువట. నీకు గురక ఉందేమో వదినను అడుగు, నిన్ను నువ్వు అడిగితే లేదనే చెప్తావు.

సంగటి_ముద్ద, ఆదోని దగ్గర పల్లె
ఏమి కాలమొచ్చింది నాయనా. మా నాయన ఉగాదికి చావిడి ముందర గుండు ఎత్తి, భుజం మీంచి వెనక్కి వేసేవాడు. ఏ గ్రౌండుకూ పోలేదు. మనసు బాగలేదని ఏ డాక్టరుకూ చెప్పుకోలేదు. పొద్దునా సంగటే, మధ్యాహ్నమూ సంగటే, మధ్యలో మడక. పని లేక వచ్చే రోగాలివన్నీ. నాకు 61, ఇప్పటికీ అరబస్తా యూరియా ఒంటి చేత్తో లేపుతాను.

కారందోశ, కడప
పెద్దాయనా, గుండు ఎత్తే బలం కోసం పోయే నేను దెబ్బతిన్నాను. కోపం తెచ్చుకోకుండా వినండి.

కానిస్టేబుల్ సెలక్షన్లో 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. నాకు 8 నిమిషాల 11 సెకన్లు పట్టింది. ఆ పదకొండు సెకన్లు మా వీధిలో ప్రతి ఇంటికీ తెలుసు. దాంతో పరుగు మానేసి జిమ్ములో చేరినాను, ఒళ్ళన్నా పెంచి చూపిద్దామని. అక్కడ ఒకడు వారానికో ఇంజక్షన్ అన్నాడు. టెస్టోస్టెరాన్. ఆరు వారాలకు చొక్కా చేతులు పట్టలేదు. అత్తకొడుకు పెళ్ళిలో ఫోటోలన్నీ నావే. వీపంతా మొటిమలు, అది వేరే సంగతి.

డబ్బులైపోయి ఆపేసినాక మొదలైంది అసలు కథ. పొద్దున మంచం దిగాలంటే ఏడుపొచ్చేది. నిజంగా ఏడుపే, దుప్పటి కప్పుకుని. ఆడపిల్లల వైపు చూడాలని కూడా అనిపించలేదు. డాక్టరు దగ్గర నోరు విప్పడానికి రెండు నెలలు పట్టింది. ఆయన చెప్పింది సింపుల్‌గా ఇది: బయటి నుంచి హార్మోను వస్తుంటే ఒళ్ళు సొంతంగా తయారు చేయడం ఆపేస్తుంది, వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి, ఆపినాక తిరిగి మొదలవడానికి నెలలు పడుతుంది. నాకు తొమ్మిది నెలలు పట్టింది. జిమ్ములో ఆ మాట ఎవడూ చెప్పలేదు. తమ్ముళ్ళు ఎవరన్నా చదువుతుంటే, గుడ్డుకు 6 గ్రాములు, వంద గ్రాముల చెనిక్కాయలకు 25 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, మనూళ్ళో చెనిక్కాయలకు కరువా?

ఇప్పుడు మళ్ళీ పరిగెత్తుతున్నా. నోటిఫికేషన్ కోసం కాదు.

బురుజు_పక్కవీధి, కర్నూలు
చెనిక్కాయలు సరే తమ్ముడూ, మా అన్న షుగర్ గడప మీద ఉన్నాడు, గుప్పెడు చాలు. సంగటి కూడా రాగి కదా అని రెండు ముద్దలు లాగిస్తారు మనవాళ్ళు, అందులో బియ్యం ఎంత పడుతుందో వంటింట్లో చూడండి. వారానికి 150 నిమిషాల నడక ఎట్లాగూ దాటుతున్నావు అన్నా, రెండు రోజులు బస్కీలు, దండేలు కూడా పట్టించు. మన మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు, నీ 35 అంగుళాలు దాని లోపలే.

ప్రొద్దుటూరు_నుంచి
ఇది మా ఆయన అకౌంటు, రాస్తున్నది నేను. ఆయన పక్కనే కూర్చుని రాయమన్నాడు, కాబట్టి దొంగతనం కాదు.

మా ఆయన బట్టల షాపులో గుమాస్తా. ఏడాది పాటు ఆయన నోట ఒకటే మాట, “గ్యాస్”. ఛాతీ పట్టేస్తే గ్యాస్, నిద్ర పట్టకపోతే గ్యాస్, కొడుకుతో మాట్లాడకపోతే గ్యాస్. ఈసీజీ రెండుసార్లు తీసినారు, గొంతులోకి గొట్టం వేసి చూసినారు, అన్నీ నార్మల్. ఛాతీ నొప్పికి ముందు ఈసీజీ తీయించాల్సిందే, అందులో పొరపాటు లేదు. కానీ నార్మల్ అని వచ్చినాక ఏం చేయాలో మాకెవరూ చెప్పలేదు. ఆఖరికి ఒక చిన్న డాక్టరమ్మ, “బాబాయ్, ఆఖరిసారి ఎప్పుడు సంతోషంగా ఉన్నావు?” అని అడిగింది. ఈయన సీలింగు ఫ్యాను వైపు చూసి, “మా తమ్ముడు ఉన్నప్పుడు” అన్నాడు. మా మరిది పోయి అప్పటికి మూడేళ్ళు. ఒక్కనాడు కూడా ఆ పేరెత్తలేదు మాతో.

పెద్దాసుపత్రిలో మానసిక విభాగానికి పోయినాం. టోకెను తీసుకుని ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు, తెలిసినవాళ్ళు చూస్తారని. చూస్తే అక్కడ మా వీధి వాళ్ళే ఇద్దరు, తువ్వాళ్ళతోనే! మాత్రలు వేసుకున్న మూడు వారాల దాకా ఏ తేడా లేదు, మానేస్తానన్నాడు. నాలుగో వారంలో ఒక రోజు పొద్దున “ఉగ్గాని చెయ్యి” అని నోరు తెరిచి అడిగినాడు. ఇవి అలవాటుపడే మందులు కావు, మనంతట మనం ఉన్నట్టుండి ఆపకూడదు, అంతే అని చెప్పినారు. మోటారు అన్నా, మూడు గంటల మెలకువ మా ఇంట్లోనూ ఉండేది. చిరాకును కోపమనుకోవద్దు, ఒకసారి చూపించుకో. మగవాళ్ళకు దిగులు కోపంగా బయటికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

రాత్రి_డ్యూటీ, కర్నూలు
ఆసుపత్రికి పోవడానికి మొహమాటమైతే 14416. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది, పైసా ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నేను రాత్రి రెండుకి చేసినాను, ఏటీఎం కాపలా డ్యూటీలో. మొదటి అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడలేకపోయినా అవతల అమ్మాయి ఫోను పెట్టేయలేదు. సమస్య తీరిపోయిందని చెప్పను. ఆ రాత్రి గడిచింది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే చేయండి.

సంగటి_ముద్ద, ఆదోని దగ్గర పల్లె
ప్రొద్దుటూరమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివినాను.

మా నాయన గుండు ఎత్తేవాడన్నాను, అది నిజమే. ఒక ఏడు చెనిక్కాయ చేను పూతలోనే ఎండిపోయింది. అప్పుడు ఆయన పన్నెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా అమ్మ చెంబుతో నీళ్ళు పెట్టి పోతే, సాయంత్రానికి అట్లనే ఉండేది. గాలి సోకిందని అంత్రం కట్టించినారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పదమూడో నాడు లేచి మడక పట్టుకుని పోయినాడు, దాని గురించి మళ్ళీ ఎవరమూ మాట్లాడలేదు. యాభై ఏళ్ళ పైన అయింది, ఇప్పుడే మొదటిసారి బయటికి చెప్తున్నా. ముందు రాసింది తొందరపడి రాసినా.

మోటారు_వైండింగ్, అనంతపురం
అందరికీ దండాలు. మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్తా.

గురక ఉందా అని మా ఆవిడను అడిగినా. “లేదు, పళ్ళు కొరుకుతావు” అంది. అది కొత్త సంగతి నాకు. డాక్టరు దగ్గరకు పోయినా, దిగులే అన్నారు, వారానికోసారి వచ్చి మాట్లాడు, మాత్రల సంగతి నెల చూసి చెప్తామన్నారు. రెండుసార్లు పోయినా. మొదటిసారి బోర్ల గురించే గంట మాట్లాడినా, ఆయన లోతు కూడా రాసుకున్నాడు. నిద్ర ఇంకా నాలుగు దాకా సాగుతోంది అంతే. గ్రౌండులో ఇదివరకు చెవుల్లో పాటలు పెట్టుకుని ఒక్కడినే తిరిగేవాణ్ణి. ఇప్పుడు పక్క షాపు వెల్డింగ్ అబ్బాయితో తిరుగుతున్నా. వాడికీ ఒక బోరు పోయిందంట, ఇన్నేళ్ళు పక్కపక్కనే ఉండి నాకు తెలియదు.

పాపకు సారీ చెప్పినా. “సరేలే నాయనా” అని ఫోను చూసుకుంది. గ్లాసు ఇంకా అక్కడే ఉంది.

ఆదివారం అయిదున్నరకు పీటీసీ గేటు దగ్గర ఉంటా, నీలం టీషర్టు. అనంతపురం చుట్టుపక్కల వాళ్ళు ఎవరన్నా రావచ్చు.

సంగటి_ముద్ద, ఆదోని దగ్గర పల్లె
శనివారం రాత్రికే మా కూతురింటికి అనంతపురం వస్తున్నా. మోకాళ్ళు నొప్పి, పరిగెత్తించొద్దు.