రూ. 649 ఓఈఎం కీ: కొనుక్కోవచ్చా, కూడదా?

బ్రాడీపేట డీటీపీ:
గుంటూరులో నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. మూడు సిస్టమ్‌లు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, కొత్తగా మూడు అసెంబుల్ చేయిస్తున్నాను. ఆన్‌లైన్‌లో విండోస్ 11 ప్రో ఓఈఎం కీ (కొత్త కంప్యూటర్‌తో కలిపి ఇచ్చే రకం యాక్టివేషన్ కోడ్) రూ. 649కి కనబడింది. డబ్బా ఉండదు, సీడీ ఉండదు, మెయిల్‌కి పాతిక అక్షరాలు వస్తాయి, అంతే. డబ్బాతో కొనాలంటే ఒక్కోటి పది వేలు దాటుతోంది. ఇంత తేడా ఎందుకు? ఇది చట్టప్రకారం సరైనదేనా?

పాతమౌస్:
కళ్లు మూసుకుని కొనెయ్ బ్రదర్. నేను రెండేళ్లుగా వాడుతున్నా. అప్‌డేట్లు వస్తున్నాయి, యాక్టివేటెడ్ అని చూపిస్తోంది. కంపెనీ సర్వరే ఒప్పుకున్నాక మధ్యలో మనకెందుకు టెన్షన్?

సెక్షన్ సారథి:
పక్కింటి కుర్రాడి స్టూడెంట్ పాస్‌తో ఆర్టీసీ బస్సెక్కి, కండక్టర్ చూసీ ఊరుకున్నాడంటే ఆ పాస్ మీదైపోతుందా? కీ వేరు, లైసెన్సు వేరు. విండోస్ ఒప్పంద పత్రంలో రెండూ విడివిడిగానే ఉన్నాయి: సరైన లైసెన్సు ఉండాలి, అసలైన కీతో యాక్టివేట్ కూడా అయ్యుండాలి. మీ దగ్గర రెండోది ఉన్నట్టు కనబడుతోంది. మొదటిదానికి ఆధారం ఏది?

పెంగ్విన్ పంతులు:
విండోస్ బదులు లైనక్స్, ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్ వాడండి. రూపాయి ఖర్చు లేదు, సెక్షన్లూ లేవు. పదేళ్లుగా చెబుతున్నా, వినేవాళ్లు లేరు.

బ్రాడీపేట డీటీపీ:
పంతులు గారూ, నా పనంతా పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్), అను ఫాంట్స్ (తెలుగు అక్షరాలు) మీద. పెళ్లి కార్డుల వాళ్లంతా అదే అడుగుతారు. లైనక్స్‌లో నాకు కుదరదండీ.

మ్యూనిక్ మావయ్య:
ఇక్కడ జర్మనీలో దుకాణాలవాళ్లు బిల్లిచ్చి మరీ అమ్ముతారు. ఓఈఎం కాపీని కంప్యూటర్‌తో కలిపే అమ్మాలన్న మైక్రోసాఫ్ట్ షరతు, సరుకు ఒకసారి మార్కెట్లోకి వచ్చాక తర్వాతి వ్యాపారిని కట్టిపడేయదని 2000 జులైలోనే ఇక్కడి ఫెడరల్ కోర్టు చెప్పింది. 2012 జులై 3న యూరోపియన్ న్యాయస్థానం సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్ కేసులో ఇంకో అడుగు వేసింది. డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేరైనా సరే, శాశ్వతంగా వాడుకునేందుకు కొన్నదైతే మళ్లీ అమ్ముకోవచ్చంది. కాబట్టి ‘ఓఈఎం విడిగా అమ్మితే దొంగసరుకు’ అని అందరూ అనడం తప్పు.

సెక్షన్ సారథి:
మావయ్య గారూ, ఆ తీర్పులో మిగతా సగం కూడా చెప్పండి. మొదట కొన్నవాడు తన దగ్గరున్న కాపీని పనిచేయకుండా చేయాలి. ఒరాకిల్ పాతిక మందికి కలిపి ఇచ్చిన లైసెన్సును ముక్కలు చేసి, మిగిలిన సీట్లు అమ్ముకోవడం కుదరదు. రూ. 649కి కీ పంపేవాడు ఈ రెండింటిలో ఏది నిరూపిస్తాడు? పైగా అది యూరప్. అమెరికాలో 2010లో, ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కేసులో అప్పీలు కోర్టు దాదాపు తలకిందులుగా చెప్పింది. పాత ఆటోక్యాడ్ కాపీలు ఆన్‌లైన్‌లో అమ్మినతనికి ఆ హక్కు లేదంది. మొదట కొన్నవాళ్లే యజమానులు కారు, లైసెన్సుదారులు మాత్రమే అని.

పాతమౌస్:
మన సుప్రీంకోర్టు 2021లో సాఫ్ట్‌వేర్ కొనడమంటే సరుకు కొన్నట్టే అని చెప్పింది కదా? సరుకైతే అమ్ముకోవచ్చు.

సెక్షన్ సారథి:
అది ఆదాయపు పన్ను గొడవ. విదేశీ కంపెనీకి సాఫ్ట్‌వేర్ కోసం కట్టిన డబ్బు రాయల్టీ కిందికి వస్తుందా, రాదా అన్నది అక్కడి ప్రశ్న. రాదన్నారు. గుంటూరులో కీల వ్యాపారానికి దాన్ని లైసెన్సుగా చదవకండి.

మనకి పనికొచ్చేది 1957 కాపీరైట్ చట్టంలోని 63బి. ఉల్లంఘన కాపీ (కాపీరైట్‌ను మీరి చేసిన నకలు) అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభానికి కాకుండా వాడినవాళ్లకు మాత్రం కోర్టు జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. పాతమౌస్ గారు ఇంట్లో వాడుకుంటే ఆ వెసులుబాటు దొరకొచ్చు. షాపువాళ్లకి కష్టం.

మ్యూనిక్ మావయ్య:
కానీ ఉల్లంఘన కాపీ ఏదండీ? విండోస్ ఫైలు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దిగుతుంది. నకలు కొట్టింది ఎవరూ లేరు. మహా అయితే ఒప్పందం మీరినట్టు. దానికి, నేరానికి చాలా దూరం.

సెక్షన్ సారథి:
వాదన బాగుంది, ఒప్పుకుంటాను. లాయరుగా అయితే నేనూ అదే వాదిస్తాను. కానీ 649 రూపాయల కోసం ఆ వాదన కోర్టులో వినిపించే ఓపిక డీటీపీ గారికి ఉందా? ఇంకోటి, ‘తెలిసి’ అనే మాట మీద నిలబడే సెక్షన్ అది. ఇదంతా చదివాక ఆయన ‘నాకు తెలియదు’ అనలేరు!

సీటీసీ స్క్రూడ్రైవర్:
అందరూ చట్టం మాట్లాడుతున్నారు, ఆ కీ ఎక్కడిదో ఎవరూ అడగట్లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) కంప్యూటర్ మార్కెట్ చుట్టూ చాలా ఏళ్లు తిరిగినవాణ్ని, చెబుతా వినండి.

అసలు ఓఈఎం అంటే మదర్‌బోర్డుతో పుట్టి దాంతోనే పోయేది. బ్రాండెడ్ సిస్టమ్‌లలో విండోస్ 8 నుంచి కీ బయోస్‌లోనే, అంటే మదర్‌బోర్డు మీది చిప్‌లోనే, కూర్చుంటుంది. అంతకుముందు క్యాబినెట్ మీద స్టిక్కర్ ఉండేది. ఆఫీసుల స్క్రాప్ లాట్లు వచ్చినప్పుడు ఆ స్టిక్కర్లు చూసి కీలు రాసుకునేవాళ్లు ఉండేవారు. ఇంకో రకం, కంపెనీలకో కాలేజీలకో ఇచ్చే వాల్యూమ్ కీ. ఒకే కీతో ఇన్ని మెషీన్లు అని లెక్క ఉంటుంది. దాన్ని బయటికి లాగి వందమందికి అమ్ముతారు. అది పెట్టుకున్న నా కస్టమర్ ఒకాయనకి మూడో నెలలో స్క్రీన్ మీద ‘యాక్టివేట్ విండోస్’ వచ్చింది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే నంబరే లేదు.

తమ్ముడూ, మీ దగ్గర ఇప్పుడున్న సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్ఎల్ఎంజీఆర్ కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ డీఎల్ఐ కొట్టు. ఓఈఎమ్మో, రీటెయిలో, వాల్యూమో ఛానెల్ పేరు చూపిస్తుంది. వాల్యూమ్ అని వస్తే అది నీది కాదు, ఎవరో కంపెనీది. ఇక మూడింటికీ డబ్బా కొనే స్తోమత లేకపోతే, బిల్లిచ్చే దుకాణంలో బయోస్‌లో విండోస్ కీ ఉన్న రిఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) బ్రాండెడ్ సిస్టమ్ చూడు. అసెంబుల్డ్‌కి పెట్టే డబ్బులో వచ్చేస్తుంది. కొనేముందు 11కి సరిపోయే ప్రాసెసరో కాదో చూసుకో.

పాతమౌస్:
ఇప్పుడే కొట్టి చూశా. నాది వాల్యూమ్ ఎంఏకే (ఒకే కీతో చాలా మెషీన్లు) అని వచ్చింది. 😐

బ్రాడీపేట డీటీపీ:
నా పాత మూడింటిలో రెండు వాల్యూమ్ అనే వచ్చాయి. పదేళ్ల క్రితం అసెంబుల్ చేసినవాడు ‘ఒరిజినల్ అన్నా’ అన్నాడు, రెండు వేలు తీసుకున్నాడు కూడా. స్క్రూడ్రైవర్ అన్న చెప్పినట్టు రెండు రిఫర్బిష్డ్ చూస్తాను, ఒక్కదానికి డబ్బా కొంటాను, జీఎస్టీ బిల్లుతో.

పెంగ్విన్ పంతులు:
సంతోషం. మరి ఆ పేజ్‌మేకరూ, అను ఫాంట్సూ బిల్లుతోనే కొన్నారా?

బ్రాడీపేట డీటీపీ:
పంతులు గారూ, ముహూర్తాల సీజను, కార్డుల పని నెత్తి మీదుంది. దానికి వేరే టాపిక్ పెడతాను.