లేరే రాజులా, కారే రాజులా?

జయనగర్:
బెంగళూరు తెలుగువాళ్ళందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ తెలుగు గోడపత్రికకి, కర్ణాటకలో కొద్దిరోజులే ఉన్న ప్రభుత్వాల మీద వ్యాసం రాస్తున్నాను. 2018 మే 17న యడియూరప్ప గారు ఒక్కరే ప్రమాణం చేశారు, 19న బలపరీక్షకి ముందే రాజీనామా చేశారు. ‘మూడు రోజుల మంత్రివర్గం’ అని శీర్షిక పెడితే మా నాన్నగారు ఒప్పుకోలేదు. ‘ఒక్కడుంటే వర్గం ఎలా అవుతుందిరా’ అని, వెంటనే పోతన పద్యం ఎత్తుకున్నారు. ‘లేరే రాజులు, రాజ్యముల్ గలుగవే’ అంటూ ‘సిరి మూటగట్టుకొని’ దాకా వచ్చి ఆగిపోయారు. రెండు రోజులుగా మిగతా ముక్క కోసం తెగ టెన్షన్ పడుతున్నారు. పద్యం పూర్తిగా ఎవరైనా ఇవ్వండి. ఒక్కరే ఉన్నదాన్ని మంత్రివర్గం అనొచ్చో లేదో కూడా చెప్పండి.

మల్లేశ్వరం:
‘లేరే’ కాదు బాబూ, ‘కారే’. నాన్నగారికి చదివి వినిపించు. బలి చక్రవర్తి భార్గవుడితో, అంటే శుక్రాచార్యుడితో, అనే మాటలివి.

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవం జాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబి ప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!

మారతహళ్లి:
మాస్టారూ, మా తాతగారూ ‘లేరే’ అనే చదివేవారు. ‘లే’ పెట్టినా దీర్ఘమే కాబట్టి గురువు గురువుగానే ఉంటుంది, రెండో అక్షరమైన ప్రాస ‘ర’ చెడదు. అర్థం కూడా సూటిగా ఉంది, ఇంతకుముందు రాజులు లేరా అని. ‘కారే’ అంటే ‘వాళ్ళు రాజులు కారా’ అని వేరే ప్రశ్న అయిపోతుంది.

మల్లేశ్వరం:
ప్రాస చూశారు, యతి చూడలేదు. పాదం మొదటి అక్షరానికీ యతి స్థానంలోని అక్షరానికీ మైత్రి ఉండాలి. ఈ పద్యం శార్దూలం, అందులో యతి స్థానమైన పదమూడో అక్షరం లెక్కపెట్టండి, ‘గర్వోన్నతి’లో ‘గ’ వస్తుంది. కా, గ రెండూ క వర్గం, వర్గయతి కుదిరింది. ‘లే’కి ‘గ’తో ఏ మైత్రీ లేదు. మిగతా పాదాల్లో వా–వం, బే–బ్రీ, యీ–యి. ఇంత జాగ్రత్తగా నడిపినవాడు మొదటి పాదంలో తప్పుతాడా?

మారతహళ్లి:
యతి ఒప్పుకున్నాను. అర్థం ఇంకా ఒప్పుకోలేదు.

యలహంక:
నేను చెప్పనా అన్నా. ‘కారు’లో కాలం లేదు. నిన్న కాకపోయినా, ఇవాళ కాకపోయినా, రేపు కాకపోయినా ‘కారు’ అనే అంటాం. ‘కలుగవే’, ‘పొందరే’ కూడా అంతే. రాజులవటం, రాజ్యాలు రావటం, గర్వపడటం ఎప్పుడూ జరిగేవే అని మొదటి పాదం. రెండో పాదంలో ‘చాలిరే’ అనగానే భూతకాలం వచ్చేసింది, మూట కట్టుకుపోవటం వాళ్ళ వల్ల కాలేదు. పైగా ‘లేరే’ అని మొదలుపెడితే, ఆ తర్వాత ‘వారేరీ?’ అని అడగటంలో బలం ఉండదు. ముందు వాళ్ళని రాజుల్ని చేసి, అప్పుడు ఏరీ అని అడగాలి. ఈ పద్యం ప్రాణమంతా ఆ ‘కా’లోనే ఉందని నా నమ్మకం.

హొసూరు రోడ్డు:
చాలా బాగా చెప్పావమ్మా. మా కడపవాళ్ళం పోతనని ఒంటిమిట్టవాడనే అంటాం.

మల్లేశ్వరం:
పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా అనే వాదన తెగేది కాదు, ఇక్కడ వద్దు నాయనా.

హొసూరు రోడ్డు:
సరే మాస్టారూ. కానీ ఈ పద్యం వింటే నాకు 1984 ఆగస్టు గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్‌ని దించేశాక నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ఉన్నది ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 16 దాకా. ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలని కాపాడింది మన బెంగళూరు పక్కనున్న నంది కొండే, అప్పుడిక్కడ ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే. అది నెల రోజుల రాజ్యం. మనకి నెల అంటే మాసమూ అవుతుంది, చంద్రుడూ అవుతాడు. నిండి తరిగిపోవటం ఆ మాటలోనే ఉంది.

జయనగర్:
ధన్యవాదాలండీ, నాన్నగారు చాలా సంతోషించారు. మరి వర్గం సంగతి?

మారతహళ్లి:
రాజ్యాంగం 163వ అధికరణం ముఖ్యమంత్రి నాయకత్వంలో మంత్రిమండలి ఉండాలంటుంది. 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం శాసనసభలో 15 శాతానికి మించకూడదు, 12 మందికి తగ్గకూడదు. కర్ణాటకలో పై హద్దు 34. అయినా 2019లో జూలై 26 నుంచి ఆగస్టు 20 దాకా మళ్ళీ యడియూరప్ప గారు ఒక్కరే ఉన్నారు. తెలంగాణలో 2018 డిసెంబరు 13 నుంచి రెండు నెలలకి పైగా కేసీఆర్, మహమూద్ అలీ ఇద్దరే. ఒక్కరుంటే మండలి కూడా కాదని నా అభిప్రాయం.

మల్లేశ్వరం:
నాన్నగారిదే సరైన మాట. క వర్గంలో ఐదు, అరిషడ్వర్గంలో ఆరు. ఒకే ఒక్కదాన్ని వర్గం అనటం నేనెక్కడా చదవలేదు.

యలహంక:
ఆ క వర్గంతోనే నేను కాదంటాను మాస్టారూ. ఐదు అక్షరాలున్నా దాన్ని పిలిచేది మొదటి అక్షరం పేరుతోనే కదా. ముఖ్యమంత్రి ప్రమాణం చేశాకే ఆయన సలహాతో మిగతా మంత్రులు వస్తారు. 2018 మేలో ‘క’ రాశారు, ‘ఖ’ రాసే వ్యవధి దొరకలేదు. వర్గం మొదలైంది, పూర్తికాలేదు. కాబట్టి శీర్షికలో ఆ మాట ఉండాల్సిందే.

మల్లేశ్వరం:
పేరు వేరు, వర్గం వేరు తల్లీ. ‘య’ కూడా తన వరసలో మొదటిదే, దాన్ని వర్గాక్షరం అనం.

జయనగర్:
నాన్నగారు ఇప్పుడు ‘మఱచిరే’లో బండి ఱ ఎందుకని అడుగుతున్నారు.

హొసూరు రోడ్డు:
అది అక్కడ ఉండాల్సిందేనని చెప్పండి. తమిళంలో ‘మఱ’ని ఇప్పటికీ ఆ ఱతోనే రాస్తారు, పాత కన్నడంలోనూ ‘మఱె’ అనే ఉండేది. మనమే వదిలేసుకున్నాం. దీని మీద రాత్రికి వివరంగా రాస్తాను.