పైకి వెళ్లేకొద్దీ రీడింగులు: మీ మీటర్లు ఏం చెప్తున్నాయి?

గైగర్_గడబిడ: ఇంట్లో నిమిషానికి 20 కౌంట్లు ఇచ్చే నా గైగర్ మీటరు (రేడియేషన్ కొలిచేది), విమానం 11 కి.మీ. ఎత్తుకు చేరాక 300 దాటేసింది. డోసు (ఒంటికి తగిలే రేడియేషన్ లెక్క) గంటకు 2 మైక్రోసీవర్ట్‌లని చూపిస్తోంది. నమ్మొచ్చా? కిటికీ సీటుకీ నడవ సీటుకీ తేడా ఉంటుందా? కొండల మీద కొలిచినవాళ్లు కూడా చెప్పండి.

కొండెక్కేవాడు: గ్రానైట్ బండ మీద మీటరు పెట్టి "ఎత్తు వల్ల పెరిగింది" అని గ్రాఫులు గీసేవాళ్లతో విసిగిపోయాను. రాతిలో ఉన్న థోరియం, యురేనియం, పొటాషియం-40 ఎక్కడికి పోతాయి? నేను లోతైన సరస్సు మధ్యలో, పడవలో కొలుస్తాను. నేల నుంచి వచ్చే గామా కిరణాలు నీళ్లకే ఆగిపోతాయి. మిగిలిందంతా కాస్మిక్కే, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలదే.

మ్యూయాన్_మామ: "అంతా" కాదు నాయనా. మీటరు లోపలి గైగర్ ట్యూబు తనంతట తాను ఇచ్చే కౌంట్లూ అందులో ఉంటాయి. డిటెక్టర్ల దగ్గరే నా జుట్టు నెరిసింది, కాబట్టి వినండి. విమానం ఎగిరే ఎత్తులో డోసులో సగం దాకా న్యూట్రాన్లదే. గైగర్ ట్యూబుకి అవి దాదాపు కనబడవు. సీసియం-137 గామా కిరణాలతో కాలిబ్రేట్ చేసిన (లెక్క సరిపెట్టిన) మీటరు 2 అందంటే అది డోసు కాదు. కౌంట్లే రాసుకోండి.

కొండెక్కేవాడు: ట్యూబు సొంత కౌంట్లు సీసం పెట్టెలో పెట్టి తీసేశాను మామా, అది కూడా తెలియదనుకున్నారా?

మ్యూయాన్_మామ: కాస్మిక్ కిరణాలు గాలిని తాకితే పుట్టి కిందికి దూసుకొచ్చే కణాలు మ్యూయాన్లు, సీసం వాటిని ఆపుతుందా? కాస్మిక్‌ని కూడా కలిపే తీసేశావన్నమాట!

నైట్_డ్యూటీ: మీ పెట్టెల గొడవ తర్వాత చూసుకోండి. మేం బతికేదే గాల్లో. ఏడాదికి నాకు ఎంత డోసు పడిందని అడిగితే మా కంపెనీ నోరు మెదపదు. ధ్రువాల వైపు రూటు పడితే భూమధ్యరేఖ దగ్గరకన్నా రెండు మూడు రెట్లు. అయస్కాంత క్షేత్రం అక్కడ అడ్డుపడదు మరి. ఎత్తొక్కటే రాసి అక్షాంశం రాయని లాగ్ (రీడింగుల చిట్టా) నాకు చిత్తు కాగితం.

సందేహం_సత్తి: పగటి ఫ్లైట్లు మానేస్తే సరి కదా, ఇదంతా సూర్యుడి నుంచేగా?

బెలూన్_పిచ్చి: కాదు బాబూ! కాస్మిక్ కిరణాలని కనిపెట్టిన శాస్త్రవేత్త హెస్ 1912 ఏప్రిల్‌లో గ్రహణం వేళ బెలూన్ ఎక్కి చూశాడు, ఏమీ తగ్గలేదు. ఆగస్టులో 5 కి.మీ. దాటి వెళ్తే బాగా పెరిగింది. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలోనే గెలాక్సీ నుంచి వచ్చేవి తగ్గుతాయి. అన్నట్టు, ఎత్తుతో పెరగడం కూడా చివరిదాకా ఉండదు. 20 కి.మీ. చుట్టుపక్కల శిఖరం, ఆ పైన తగ్గుదల. మా బెలూన్ చిట్టాలో చక్కగా కనిపిస్తుంది.

మ్యూయాన్_మామ: ఆ చిట్టాలో ట్యూబు చలికి ఎలా నడిచిందో ముందు చెప్పు. బ్యాటరీ వోల్టేజి రాశావా?

బెలూన్_పిచ్చి: థర్మాకోల్ పెట్టెలో పెట్టానండీ, వోల్టేజి కాలమ్ కూడా ఉంది. ముందు ఫైలు తెరిచి, తర్వాత తప్పులు పట్టండి.